ఎదుటి పేజీ

కత్తిరించినవాళ్ళెవరో గానీ చెయ్యి తిరిగినవాళ్ళే. స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో, కింది కాగితం మీద గీత కూడా పడకుండా కోశారు. ముప్ఫై ఆరేళ్ళ కిందటి దినపత్రిక అది. మూడో పేజీలో రెండు కాలమ్‌ల వార్త ఉండాల్సిన చోట జానెడు కిటికీ ఉంది. వెనక పేజీలో ఎవరిదో ఫోటో ఉన్నట్టుంది. ఆ మనిషి కన్ను ఒకటీ, సగం ముక్కూ కిటికీలోంచి ఇటు చూస్తున్నాయి.

చీమ ఆ కిటికీ అంచును వేలితో తడిమింది. ఇది ఎనిమిదోది. వెతికినవి ఎనిమిది తేదీలు, దొరికినవి ఎనిమిది కిటికీలు.

చీమ ఆమె అసలు పేరు కాదు. పగలు ఆమె ఈ గ్రంథాలయంలో పాత పత్రికల గదికి బాధ్యురాలు. తీరిక దొరికినప్పుడల్లా, జనమంతా కలిసి రాసుకునే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నిర్వాహకురాలు. అక్కడ ఎవరూ సొంత పేరుతో రాయరు. తేదీలూ కామాలూ ఒక్కొక్కటే మోసుకొచ్చి సరైన చోట పెట్టడం తప్ప వేరే గొడవ పెట్టుకోదు గనక తన పేరు తనే అలా పెట్టుకుంది.

ఐదు రోజులుగా ఆ సర్వస్వంలో ఒక పేజీ గురించి చర్చ నడుస్తోంది. అది అచ్చుకి సీసపు అక్షరాలు పేర్చే ఒకప్పటి కంపోజిటరు పేజీ. తేటమనసు సభ అని ఒకటుంది. అందులో చేరినవాళ్ళు మనసులో బరువంతా ఒక మనిషి ఎదుట కూర్చుని చెప్పుకుంటారు, ఆ మనిషి రాసుకుంటాడు, కాగితం పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, మనసు తేట పడుతుంది. ఆ సభ అచ్చుయంత్రం దగ్గర పనిచేసిన ఆ కంపోజిటరు ఒకరోజు బయటికొచ్చి, పెట్టెలో ఉండాల్సిన కాగితాలు లోపల పుస్తకాలుగా అచ్చవుతున్నాయని పత్రికలకు చెప్పింది. అప్పట్లో పెద్ద గొడవే అయిందట. ఇప్పుడు 'తెల్లకాగితం' అనే పేరుతో ఎవరో వచ్చి, ఈవిడకు సర్వస్వంలో పేజీ ఉండేంత ప్రాముఖ్యం లేదు, తీసేయండి అని అడిగారు. నియమం ప్రకారం ఏడు రోజులు చర్చ జరగాలి. ఏడో రోజు ఒక నిర్వాహకుడు అన్నీ చదివి 'ఉంచాలి' అనో 'తొలగించాలి' అనో తేల్చాలి. ఈసారి వంతు చీమది.

తెల్లకాగితం ఆ సభ మనిషేనని చీమకు మొదటిరోజే అనిపించింది. ఇంకెవరికి పడుతుంది అంత అవసరం? పైగా 'ఉంచాలి' అన్నవాళ్ళు పదకొండు మంది వచ్చారు. 'ఈమె ప్రాముఖ్యత గల వ్యక్తి. పేజీ ఉంచాలి' అని పదకొండు మందీ ఒకే వాక్యం రాశారు. అభిమానులు అంతే, ఒకరిని చూసి ఒకరు రాస్తారు అనుకుంది. కానీ ఓట్లు లెక్కలోకి రావు. సభతో సంబంధం లేని ఆధారాలు రెండైనా ఉంటేనే పేజీ నిలుస్తుంది. పేజీ కింద ఒకప్పుడు ఎనిమిది ఉండేవి. ఎవరెవరో వచ్చి 'గ్రంథాలయంలో చూశాను, ఆ తేదీ పత్రికలో అలాంటి వార్త లేదు' అని రాసి ఒక్కొక్కటే తీసేశారు. వాళ్ళు అబద్ధమాడలేదు. లేదు మరి.

నిన్న ఆమె ఈ కిటికీల సంగతి 'తరాజు'కు చెప్పింది. అతను ఆమె తోటి నిర్వాహకుడు, నియమాలు నోటికి వచ్చినవాడు. జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: "చీమా, కన్నం ఆధారం కాదు." తర్వాత కొంచెం సేపటికి ఇంకోటి కూడా పంపాడు. ప్రాముఖ్యత అన్న మాట సరిగ్గా రాయడం రానివాళ్ళు కూడా పేజీలు తీసేయమని బయల్దేరుతున్నారు, కలికాలం అని.

పదిన్నర అయ్యేసరికి ఈ గదిలోకి ఎండ ఏటవాలుగా వస్తుంది. బల్ల మీద పరిచిన సంపుటం మీదుగా పాకి గోడ దాకా పోతుంది. చీమ పుస్తకం మూయబోతూ ఆగిపోయింది. కిటికీకి ఎదుటి పేజీ, అంటే రెండో పేజీ, అంతా వాతావరణమూ రైళ్ళ వేళలూ. ఆ అక్షరాల మధ్య, సరిగ్గా కిటికీ అంత కొలతలో, బూడిదరంగు నీడ ఒకటి పడి ఉంది. తల అటూ ఇటూ ఆడించింది. నీడ కదల్లేదు. వంగి చూసింది. నీడలో వరుసలున్నాయి. వరుసల్లో అక్షరాలున్నాయి. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి గనక తిరగబడినా మన అక్షరాల్లాగే కనిపిస్తాయి. చదవబోతే మాత్రం ఒక్కటీ పలకదు. ఎవరో ఎదురుగా నిలబడి పెదాలు కదుపుతూ గొంతు బయటికి రానట్టు ఉంది.

"తాతా, ఒకసారి ఇటు రా" అని పిలిచింది.

మూల బల్ల దగ్గర జిగురు కలుపుతున్న బైండరు తాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చూసి సిగ్గుపడ్డాడు.

"ఇది నా ఘనకార్యమే అమ్మడూ. అప్పుడు నేను కొత్త. సిరా ఆరకముందే కుట్టేసి పైన బరువు పెట్టాను. ఈ పేజీ సిరా ఆ పేజీకి అంటుకుపోయింది. మా మేస్త్రి చెవి మెలేస్తే వారం రోజులు అటువైపు తిరిగి పడుకోలేకపోయాను."

ఫోనుతో ఫోటో తీస్తే మసక తప్ప ఏమీ రాలేదు. తలైనా దువ్వుకోవే అంటూ అక్క సంచిలో బలవంతాన పడేసిన చేతి అద్దం మొదటిసారి పనికొచ్చింది. చీమ అద్దాన్ని నీడ పక్కన నిలబెట్టి, ఒంగి, ఒక్కో వరుసే చదివింది. సగం మాటలు రైళ్ళ వేళల కింద పోయాయి. మిగిలిన సగం చాలు.

'...ఆ రోజు నాకిచ్చిన రాతప్రతి చూసి పేర్చడం మొదలుపెట్టాను. నాలుగు వరుసలు అయ్యాక చేతులు ఆగిపోయాయి. అవి నా మాటలే. రెండేళ్ళ కిందట తలుపులేసిన గదిలో నేను చెప్పుకున్నవి. మా పసివడు పోయిన రోజు సంగతి...'

ఎండ గోడ మీదికి వెళ్ళిపోయింది. నీడ మాయమై రైళ్ళ వేళలు మిగిలాయి.

చీమ వెంటనే బల్ల మీద కంప్యూటరు తెరిచి చర్చలో రాసింది: 'ఒక ఆధారం మిగిలి ఉన్నట్టుంది. సరిచూసి చెబుతాను. అందాకా ఎవరూ తొందరపడవద్దు.' ఆమె రాసిన వాటిలో అంత తొందరగా రాసింది అదే.

గదిలో ఉన్న ఒక్క పాఠకురాలు తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. రెండు వారాలుగా రోజూ వస్తున్న పెద్దావిడ. ఏ సంపుటమూ అడగదు. ఆనాటి పేపరు ముందేసుకుని కూర్చుంటుంది, మధ్యమధ్య ఫోను చూసుకుంటుంది. కొప్పులో పెన్సిలు గుచ్చుకుంటుంది గనక తాతా చీమా ఆవిణ్ణి పెన్సిలావిడ అనుకునేవాళ్ళు. ఆవిడ తలపైన గోడకి 'పెద్దవారికి కూర్చోవడానికి ప్రాధాన్యత ఇవ్వండి' అని నోటీసు ఉంది. పోయిన వారం ఎవరో పెన్సిలుతో ఆ చివరి 'త' కొట్టేసి, ముందక్షరానికి సున్నా చుట్టి 'ప్రాధాన్యం' చేశారు. ఎవరో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. దిద్దింది సరిగ్గానే ఉంది గనక చీమ చెరపలేదు.

సాయంత్రం ఇంట్లో బావ కంచం ముందు కూర్చుని ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు. "మీ అక్కకేమో నేను సర్వస్వం. నీకేమో ఆ సర్వస్వం. ఇంతకీ అందులో నా పేజీ ఎప్పుడు ఎక్కిస్తావు మరదలా?"

"నీకు ఆధారాలేవి బావా?"

"ఇదుగో" అని పొట్ట నిమురుకున్నాడు. అక్క నవ్వాపుకుంటూ, అద్దం వాడినట్టున్నావే, ఎవర్ని చూసుకున్నావేమిటి అని అడిగింది. చీమ ఒక కంపోజిటరుని అని చెప్పింది. బావకు అది పెళ్ళి కబురులా వినపడింది. అబ్బాయి ఏ ప్రెస్సులో అని ఆరా తీశాడు. ఆవిడకు డెబ్భై దాటాయని తెలిసి నీరుగారిపోయాడు.

గిన్నెలు సర్దాక చీమ ఆ పేజీ చరిత్ర తెరిచింది. ఎవరు ఏ రోజు ఏ అక్షరం మార్చారో సర్వస్వం ఒక్కటీ మరిచిపోదు. ఇన్నాళ్ళూ ఆధారాల కోసమే చూసింది. ఇవాళ వరుసగా, మొదటి నుంచి, ఒక్కో మార్పూ చదువుకుంటూ వచ్చింది.

మొదట 'సభ రహస్యాలను బయటపెట్టారు' అని ఉండేది. ఒక వారానికి 'బయటపెట్టానని చెప్పుకున్నారు' అయింది. ఇంకో వారానికి 'చెప్పుకునేవారు'. 'ఆరోగ్య కారణాల వల్ల సభను వీడారు'. 'తర్వాత పశ్చాత్తాపం వ్యక్తం చేశారు'. ఒక్కో వాక్యానికీ కింద ఆధారం ఉంది. అన్నీ సభ పత్రికవే. వేరే ఆధారాలు లేని చోట ఉన్న ఆధారమే నిలుస్తుంది, అది నియమం. పోయిన నెల ఒకరు 'అదే ఊళ్ళో ఉంటున్నారు' అన్నదాన్ని 'ఉండేవారు' చేశారు. కారణం దగ్గర 'భాషా సవరణ' అని రాశారు. మూడు వారాల కిందట ఇంకొకరు పుట్టిన సంవత్సరం పక్కన ఒక చిన్న గీత గీశారు. గీత పక్కన ఖాళీ వదిలారు.

ఆ ఖాళీకేసి చీమ చాలాసేపు చూసింది. పేర్లు వేరువేరు. కానీ ఆ మార్పులు చేసిన పేర్లన్నీ ఆ పదకొండులోవే. పేజీ ఉండాలని అంత గట్టిగా కోరుతున్నవాళ్ళు వాళ్ళు. ఉండాలి మరి. లేకపోతే రాయడానికి చోటేది?

ఆ తర్వాత ఆమె ఇంకా వెనక్కి, మూడేళ్ళ వెనక్కి వెళ్ళింది. ఒక వారంలో వరుసగా ఎనిమిది ఆధారాలు చేర్చారు. పత్రిక, తేదీ, పేజీ, కాలమ్, పై నుంచి ఎన్నో వార్త, అన్నీ. కళ్ళు మూసుకున్నా దొరికేలా. చేర్చినవారి పేరు దగ్గర ఒకే ఒక్క మాట ఉంది.

చీమ.

ఆమెకు గుర్తు రాలేదు. వందల పేజీలకు చేసింది ఆ పని. గుర్తు రాకపోవడమే భయం వేసింది. దారి చూపిస్తూ బారు తీరి నడిచింది తనే, వెనక ఎవరు వస్తున్నారో ఒక్కసారైనా తిరిగి చూసుకోలేదు.

"ఏమిటే చిన్నీ, అలా ఉన్నావ్?" అంది అక్క.

ఏమీ లేదంది. చర్చలో ఉదయం తను రాసిన ముక్క ఇంకా అక్కడే ఉంది. ఒక ఆధారం మిగిలి ఉన్నట్టుంది. చెరిపినా చరిత్రలో ఉంటుంది.

మర్నాడు గది తాళం తీయగానే పాత చీటీల పెట్టె దించింది. సంపుటం కావాలన్నవాళ్ళు కార్డు నంబరు వేసి చీటీ రాసివ్వాలి. ఎనిమిది సంపుటాలకీ తను ఆధారం చేర్చిన నెలలోనే చీటీలున్నాయి. ఎనిమిది కార్డు నంబర్లు. చేతిరాత మాత్రం ఒక్కటే. తీరైన రాత, గుడి దీర్ఘాలన్నీ వేలికి ఉంగరం తొడిగినట్టు ఉన్నాయి.

చీటీలు చేతిలో ఉండగానే ఎదురుగా కదలిక తెలిసి తలెత్తింది. పెన్సిలావిడ ఎప్పుడొచ్చిందో, తన కుర్చీలో కాకుండా నిన్న చీమ వదిలేసిన సంపుటం దగ్గర నిలబడి ఉంది. ఇంకా ఎండ బల్ల చివరే ఉంది. ఆవిడ కిటికీని చూసింది. ఎదుటి పేజీని చూసింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఆ బరువైన సంపుటాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా చుట్టూ తిప్పి, తలకిందులుగా పెట్టుకుని కూర్చుంది.

ఎండ పాకి వచ్చి ఆవిడ వేళ్ళ మీద పడింది. ఆవిడ చూపుడువేలు అన్నిటికంటే కింది వరుస దగ్గర మొదలైంది. ఎడమ నుంచి కుడికి వెళ్ళింది, ఒక వరుస పైకి ఎక్కింది, మళ్ళీ ఎడమ నుంచి కుడికి. ఎక్కడా తడబడలేదు. పెదాలు కదులుతున్నాయి.

చీమ దగ్గరికి వెళ్ళింది. "నాలుగు వరుసలు అయ్యాక" అంటున్నాయి ఆ పెదాలు, "చేతులు ఆగిపోయాయి."

తాత చాలాసార్లు చెప్పాడు. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో కంపోజిటర్లు అలాగే చదివేవాళ్ళని. పేర్చిన వరుస వాళ్ళకు తిరగబడి, తలకిందులుగా, కింది నుంచి పైకి కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి అలా చదివినవాళ్ళకు అద్దం అక్కర్లేదు. చీమ ఆవిడ వేలిని చూసింది, కొప్పులో పెన్సిలును చూసింది, గోడ మీద కొట్టేసిన 'త'ను చూసింది. ప్రాధాన్యత కాదు, ప్రాధాన్యం. అందరూ ప్రాముఖ్యత అని రాసే చోట ప్రాముఖ్యం అని రాసింది ఒక్కరే. తరాజు వెక్కిరించింది ఆ మాటనే.

తెల్లకాగితం.

మాట నోటిదాకా వచ్చింది. అంతలో తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఈ గదిలోకి వచ్చేవాళ్ళెవరూ చెప్పులు విడవరు.

"నమస్కారమండీ" అన్నాడు వచ్చిన మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, మెత్తటి గొంతు. రోగిని పలకరించడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. ఆ రెండేళ్ళ సంపుటాల్లో తను చూడనివి ఏమైనా మిగిలాయా అని అడిగాడు.

ఏ రెండేళ్ళో అతను చెప్పలేదు. చీమ కూడా అడగలేదు.

"అవి బైండింగుకి వెళ్ళాయండీ" అంది. అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. మూల బల్ల దగ్గర తాత జిగురు కలపడం ఆపాడు.

"అయ్యో. అన్నీనా?"

"పురుగు పట్టిందండీ."

అతను చుట్టూ చూశాడు. చూపు పెద్దావిడ దగ్గర ఆగింది. సంపుటంలోని కిటికీ ఇప్పుడు అతనికి దగ్గరి వైపున ఉంది. అతను మెల్లగా నడిచి ఆవిడ పక్కకు వెళ్ళి ఒంగాడు. ఆవిడ చేసంచి ఎప్పుడు ఎక్కిందో కిటికీ మీదికి ఎక్కి ఉంది. చెయ్యి వాతావరణం మీద పరుచుకుని ఉంది.

"అమ్మా" అన్నాడు అతను దయగా, "పుస్తకం తలకిందులుగా పెట్టుకున్నారు."

ఆవిడ తలెత్తి అతని మొహంలోకి చూసింది. తీరిగ్గా, ఒక్కో గీతా పోల్చుకుంటున్నట్టు చూసింది.

"నాకిలాగే బాగుంటుంది నాయనా. బొమ్మలు చూసుకుంటున్నా."

అతను నవ్వాడు. చీమ వైపు తిరిగి, పాపం, చదువు రాదు కాబోలు అని కళ్ళతోనే అన్నాడు. మంచిది, చల్లగా కూర్చోవడానికైనా వస్తారు అని పైకి అన్నాడు. సంపుటాలు తిరిగొస్తే చెప్పమని ఒక చీటీ రాసిచ్చాడు. గుడి దీర్ఘాలు ఉంగరాల్లా ఉన్నాయి. మూడేళ్ళుగా ఆవిడ బతుకును అక్షరం అక్షరం దిద్దుతున్న చెయ్యి అది. ఆవిడ మొహం ఎలా ఉంటుందో దానికి తెలియదు. చెప్పులు తొడుక్కుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఎండ గోడ ఎక్కింది.

"ఇందులో అచ్చుతప్పు ఒకటుంది" అంది పెద్దావిడ చివరికి. "మూడో వరుసలో. 'పసివాడు'కి దీర్ఘం మింగేశారు. అప్పుడే చెప్పాను ఆ పత్రికవాళ్ళకి."

చీమ ఎదుటి కుర్చీలో కూర్చుంది. "తీసేయమని అడిగింది మీరేనా అమ్మా?"

"నేనే. మా పక్కింటి అమ్మాయి ఫోనులో చూపించింది. 'ఉండేవారు' అంట. ఉన్నదాన్ని పట్టుకుని. ఆ గీత చూశావుగా? పేర్చేవాళ్ళకి తెలుస్తుందమ్మాయీ, గీత ముందు పెట్టి పక్కన చోటు వదిలారంటే అక్కడికి ఏదో రావాల్సి ఉందని. రోజూ లేవగానే అదే చూసుకుంటున్నా. ఇవాళ నింపారా, రేపు నింపుతారా అని."

ఇప్పుడు ఆధారం దొరికింది కదా అంది చీమ. ఇది చూపిస్తే వాళ్ళ రాతలన్నీ కొట్టేయొచ్చు, ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు. అంటూండగానే మాట సన్నబడిపోయింది. చూపించడమంటే పత్రిక, తేదీ, పేజీ, కాలమ్ రాయడం. ఎవరైనా వచ్చి చూసుకునేలా. ఎవరైనా అంటే ఎవరో ఇప్పుడే చెప్పులు తొడుక్కుని వెళ్ళారు.

"ఆ ఎనిమిదీ నేనే చూపించానమ్మా వాళ్ళకి" అంది. "నాకు తెలియదు. నేనే చూపించాను."

"తెలుసు."

చీమ తలెత్తింది.

"పేజీ చరిత్రలో నీ పేరుందిగా. చీమ. ఎన్నో పేజీ, ఎన్నో కాలమ్, పై నుంచి ఎన్నో వార్త. ఎవరీ పిల్ల, నా గురించి ఇంత ఓపిగ్గా ఎవరు రాశారు అనుకున్నా. నువ్విక్కడ కూర్చుని కామాలు దిద్దడం మొదటిరోజే చూశా. ఇన్ని పాత పేపర్లు తిరగేసిన పిల్ల ఇక్కడే ఉంటుందని, చూసి పోదామని వచ్చాను. రోజూ రావడం అలవాటైంది." ఆవిడ సంచి తీసుకుని, కిటికీలోంచి చూస్తున్న కన్నును ఒకసారి చూసింది. "తీసెయ్యమ్మా. పేజీ లేని మనిషిని ఎక్కడ దిద్దుతారు?"

"మరి ఇది?"

"ఇది ఇలాగే ఉంటుందిలే. ముప్ఫై ఆరేళ్ళు ఉంది."

ఏడో రోజు పొద్దున్న చీమ కంప్యూటరు ముందు కూర్చుని తొమ్మిది మాటలు రాయడానికి గంట తీసుకుంది. చేర్చడమే తప్ప ఆమె ఎప్పుడూ ఒక నిజమైన వాక్యాన్ని కూడా తీసేసినది కాదు. ఇప్పుడు తీయాల్సింది ఒక మనిషిని. అదీ, ఆధారం పక్క బల్ల మీద పెట్టుకుని. 'సభతో సంబంధం లేని ఆధారాలేవీ లభించలేదు. ప్రాముఖ్యం నిరూపణ కాలేదు. తొలగించాను.' నొక్కింది. తెర ఒక్క క్షణం తెల్లగా అయింది. ఈ పేరుతో ఏ పేజీ లేదు అని వచ్చింది.

తరాజు వెంటనే మెచ్చుకున్నాడు. కన్నం ఆధారం కాదని ఒప్పుకున్నందుకు సంతోషం అన్నాడు. ప్రాముఖ్యత అనబోయి పొరపాటున 'త' మింగేశావు, తొందరలో అయి ఉంటుంది, దిద్దుకో అని కూడా అన్నాడు. ఆమె దిద్దుకోలేదు.

సంపుటాన్ని ఎత్తుకుని తాత బల్ల మీద పెట్టింది. దీనికి కొత్త అట్ట వేసి, వీపు మీద వర్షపాత నివేదికలు అని కొట్టాలంది.

తాత ఆమెను చూశాడు, సంపుటాన్ని చూశాడు. "ఇన్నేళ్ళలో నేను వీపు మీద అబద్ధం కొట్టలేదు అమ్మడూ."

"నేనూ రాయలేదు తాతా, ఇవాళ్టిదాకా."

తాత జిగురు గిన్నె మూత తీశాడు. "పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా?" అన్నాడు.

నీలం చొక్కా మనిషి మధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు విడిచాడు. సంపుటాలు పనికిరాకుండా పోయాయని చెబితే అయ్యో పాపం అని నిజంగానే బాధపడ్డాడు. ఇక వాటి అవసరం కూడా లేదులెండి అన్నాడు. పోతూ పోతూ పెద్దావిడ కుర్చీ వైపు చూశాడు. "ఆవిడ ఇవాళ రాలేదే?"

"ఎవరండీ?" అంది చీమ.

అతను వెళ్ళాక తలుపు కేసి చూస్తూ నిలబడిపోయింది. ఆ ప్రశ్నలో ఏమీ లేదు. దయ తప్ప ఏమీ లేదు. అందుకే ఒళ్ళు జలదరించింది.

పెద్దావిడ మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చీమకు ఆవిడ ఇల్లెక్కడో తెలియదు. పేజీలో ఊరు ఉండేది, పేజీ లేదు. కుర్చీ ఖాళీగా ఉంది. పదిన్నరకు ఎండ వచ్చి ఆ కుర్చీ మీదుగా పాకి, ఎవరూ అడ్డు లేక, తిన్నగా గోడకు పోయింది. తీసేయడం అంటే ఏమిటో తనకు సరిగ్గా తెలియదేమో అనిపించింది ఆమెకు. ఒక మనిషి ఎక్కడా రాసి లేకపోతే, రాకపోయినా ఎవరూ అడగరు. ఇంట్లో బావ ఎప్పటిలాగే తన పేజీ సంగతి అడిగితే, వద్దు బావా అంది. ఆ గొంతు విని అతను రెండోసారి అడగలేదు.

నాలుగో రోజు పదకొండు గంటలకు తలుపు కిర్రుమంది. చెప్పుల చప్పుడు ఆగకుండా లోపలికి వచ్చింది.

"పడిశం" అంది పెద్దావిడ ముక్కు తుడుచుకుంటూ. "లేకపోతే ఎప్పుడో వద్దును." కొప్పులోంచి పెన్సిలు తీసి చీటీ రాసిచ్చింది. వర్షపాత నివేదికలు. తాత అదేదో తన ఘనత అయినట్టు సంపుటాన్ని తనే మోసుకొచ్చి పెట్టాడు. ఆవిడ కొత్త వీపు మీది అక్షరాలను వేలితో తడిమి, అచ్చుతప్పు లేదని తల ఊపింది. పుస్తకం తిప్పి, తలకిందులుగా పెట్టుకుని, కింది వరుస నుంచి మొదలుపెట్టింది.

చీమ తన బల్ల దగ్గరికి వచ్చి హాజరు పుస్తకం తెరిచింది. గదిలో పాఠకులు ఎందరో రోజూ రాయాలి. కలం పట్టుకుని ఒకసారి తలెత్తి చూసింది. వేలు పైవరుసకి ఎక్కుతోంది. అప్పుడు తేదీ వేసి, పక్కన, ఏ ఆధారమూ చూపించకుండా రాసింది:

ఉన్నవారు: ఒకరు.